కొండబాటలపై మోటారు విహారము

(కరీంనగరమున నొక పఠనాలయములో చేసిన యుపన్యాసము)



నాలుగు చక్రములకును ఇంజను బలము నందించు మోటారుబండ్లు నేడు మన పట్టణములలో పెక్కుగ కనబడుచున్నవి. వానలు మొదలైన తోడనే శని, ఆదివారములలో ఈ బండ్లు నాలుగైదు జట్టుకట్టి బయలుదేరి, రాయపట్నము వంతెనపై గోదావరి దాటి, లక్సెట్టిపేట, మంచిర్యాలల మీదుగ ఆసిఫాబాదు చేరి, అచ్చటినుండి కెరమెరి ఘాటెక్కి గోండు గూడెముల బాటలు పట్టుచున్నవి. బురదలో దిగబడుట, లేచుట, వాగును చీల్చుకొని పోవుట, రాళ్లమీద నొక చక్రము గాలిలో తేలుట, ఇవి యన్నియు సెల్‌ఫోనులలో చిత్రములుగ తీసి లోకమునకు చూపుట యొక వేడుకయైనది. ఈ విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుడని పఠనాలయమువారు కోరిరి. మేము వకీలు వృత్తివారము. చక్రములకంటె కాగితములతో నెక్కువ పరిచయము గలవారము. అయినను తెలంగాణ ఉద్యమకాలమునుండి సేవాదళముతో కలిసి ఆ ప్రాంతమునకు మందులు, దుప్పట్లు చేరవేయు పనిలో ఆ బాటలను పలు వానకాలములలో చూచియుండుటచేత ఒప్పుకొంటిమి.

మోటారు విహారమును నిందించుటకు మే మిచ్చటికి రాలేదు. ఇరువదియేండ్ల పిల్లవాడు ఆదివారమునాడు పేకాటలో కూర్చుండుటకంటె గుట్టలెక్కుటయే మేలని మా తలంపు. అయితే ఆ బాట యెవరిది, దాని నెవరు వేసిరి, ఏటేట దాని నెవరు బాగుచేసికొనుచున్నారు, వానలో దానిని చెఱచినచో నష్టపడువా రెవరు అని యడుగక బండి నెక్కించుట తగదని మా వాదము.

ఇట్టి విహారమునకు లోకమున మిక్కిలి పేరుపొందిన తావులలో నొకటి అమెరికాలోని కొలరాడో రాష్ట్రమునగల సాన్ హ్వాన్ పర్వతములు. అందు ఇమోజీన్ కనుమ 13,114 అడుగుల యెత్తునను, బ్లాక్ బేర్ కనుమ 12,840 అడుగుల యెత్తునను ఉన్నవి. చెట్లు మొలచుట నిలిచిపోవు నెత్తునకును పైన నున్న బాటలవి. మంచు కరగిన వేసవిలో కొలది కాలము మాత్రమే అవి తెఱచియుండును. బ్లాక్ బేర్ బాట టెల్యురైడ్ పట్టణమువైపు దిగు చోట మెట్లవంటి రాతిపలకలున్నవి. ఒక ప్రక్క లోయ. బండి యంగుళ మంగుళముగ దిగవలెను. ఎదురుబండి వచ్చినచో తప్పుకొన చోటు లేదు గనుక అచ్చట దిగుటయే గాని యెక్కుట లేదు. ఇవి విహారమునకై వేసిన బాటలు కావు. పందొమ్మిదవ శతాబ్దమున వెండి, బంగారు గనులకు కంచరగాడిదలను, బండ్లను నడుపుటకు కొట్టిన త్రోవలు. ఆ పర్వతములు అంతకుముందు యూట్ అను ఆదిమజాతివారివి. గనులకొఱకు తెల్లజనము విరుచుకొనిపడగా 1873లో బ్రూనో ఒడంబడిక యని చెప్పు కాగితముచే వారు ఆ పర్వతములను వదలుకొనవలసివచ్చెను. పిమ్మట గనులును మూతపడినవి. బాటలు మాత్రము మిగిలినవి. కావుననే అచ్చట విహరించువాని చక్రముల క్రింద మఱియొకని దినభుక్తి నలుగుట యరుదు. మన గుట్టలలో స్థితి వేఱు. ఇచ్చట ప్రతి బాట చివరను జనమున్నారు.

మన ఆదిలాబాదు గుట్టలు ఎత్తులో వానిలో మూడవవంతైనను లేవు. మంచన్న మాటయే లేదు. సాత్మల యనియు, సహ్యాద్రి పంక్తి యనియు పిలువబడు ఈ వరుస వాయవ్యమునుండి ఆగ్నేయమునకు పాత ఆదిలాబాదు జిల్లాను ఏటవాలుగ కోసికొనిపోవుచున్నది. నిర్మలు దగ్గఱ మహబూబు ఘాటును, ఆసిఫాబాదునుండి ఉట్నూరు పోవు మార్గమున కెరమెరి ఘాటును దీనిని దాటు ద్వారములు. ఈ రెండును తారురోడ్లే. మలుపులయందు కొంచెము జాగ్రత్త వహించినచో ఎవరైనను పోవచ్చును. కష్టమంతయు ఆ రోడ్లు విడిచి గూడెములవైపు మఱలిన పిదపనే మొదలగును.

మొదటి శత్రువు నేల. గుట్టపైనున్న పీఠభూమి చాలవఱకు నల్లరేగడి. మన కరీంనగరపు చెల్కనేలలో బండి దిగబడినచో నాలుగు రాళ్లు, రెండు కొమ్మలు వేసి బయటపడవచ్చును. రేగడి యట్లు కాదు. వాననీరు త్రాగి ఉబ్బి, జిగురై, టైరు గాళ్లను పూడ్చి, టైరును డోలువలె నున్నగ చేయును. అటుపై చక్రమును ఎంత త్రిప్పిన నంత క్రిందికి. రెండవది ఏటవాలు. వానకు మన్ను కొట్టుకొనిపోగా మిగిలిన గుండురాళ్లు చక్రము క్రింద దొర్లును. మూడవది, మా యెఱుకలో అన్నిటికంటె చెడ్డది, వాగు. పైన గుట్టమీద కురిసిన వాన కొలది సేపటిలో క్రిందికి దిగును. మన మున్నచోట ఎండ కాయుచుండును, వాగు పాదములు తడియునంత ఉండును. చుట్ట కాల్చి ముగించులోపల అదే వాగు నడుములోతు వచ్చును. మోకాలిలోతు నీరైనను వడిగలదైనచో బరువైన బండిని ప్రక్కకు నెట్టగలదు. బండి బరువుగనుక నిలుచునని తలంచుట ప్రమాదము. లోపల గాలియుండుటచేత బండి కొంత తేలును. తేలిన బండికి చక్రములున్నను లేకున్నను ఒకటే.

ఇక యంత్రము. దీనిని గూర్చి మన యువకులకు చాల తెలియునని వారే చెప్పుదురు గాని, తెలియవలసినది తెలియదని బురదలో చిక్కిన బండ్లే చెప్పుచున్నవి. 1941లో అమెరికా సైన్యము యుద్ధమునకై చేయించుకొన్న విల్లీస్ జీపు మనదేశమున 1947నుండి బొంబాయిలో మహీంద్రావారు కూర్చి యమ్మిరి. నాటి జీపునకును, నేటి ఖరీదైన బండికిని మూలసూత్ర మొకటే. ఇంజను బలమును ట్రాన్స్‌ఫర్ కేసు అను పెట్టె ముందు ఇరుసునకును, వెనుక ఇరుసునకును పంచును. ఆ పెట్టెలోనే 'లో' అను తక్కువ వేగపు గేరు కలదు. దానిని వేసినచో వేగము తగ్గి, త్రిప్పుబలము హెచ్చును. బండి మనిషి నడకతో, ఉసురుసురుమనక, ఎక్కును. అయితే ఒక చిక్కున్నది. ప్రతి ఇరుసు నడుమనున్న డిఫరెన్షియల్ అను సాధనము ఏ చక్రమునకు అడ్డు తక్కువగ నున్నదో ఆ చక్రమునే త్రిప్పును. ముందొకటి, వెనుక నొకటి గాలిలో లేచినవా, ఆ రెండును గిరగిర తిరుగును; నేలమీద నున్న రెండును కదలవు. అప్పుడు నాలుగు చక్రముల బండి యే చక్రము లేని బండితో సమానము. పెడలు గట్టిగ నొక్కినకొలది గుంట లోతగును. ఇరుసును బిగించు లాకు కొన్ని బండ్లలో కలదు. లేనివారు రాళ్లు పేర్చుకొనవలసినదే.

ఎక్కునపుడు నేరుగ నెక్కవలెను, ఏటవాలున అడ్డముగ పోరాదు. అడ్డముగ పోయిన బండి దొర్లును. నడుమ ఇంజను ఆగినచో చక్రములు త్రిప్పి మళ్లించుకొన ప్రయత్నింపక, వెనుక గేరు వేసి వచ్చిన జాడలోనే నిలువుగ దిగవలెను. దిగునపుడు తక్కువ గేరులో ఇంజనునే బ్రేకుగ వాడుకొనవలెను. దిగువపొడుగున బ్రేకుమీద కాలు పెట్టియుంచినచో బ్రేకులు వేడెక్కి పట్టువిడుచును. వాగు దాటుటకుముందు ఒక మనిషి కఱ్ఱతో నడిచి దాటి చూడవలెను. మనిషి నడిచి దాటలేని వాగులోనికి బండిని దింపరాదు. నీటిలో గేరు మార్చరాదు, ఆగరాదు. నీరు తగ్గువఱకు గట్టున కూర్చుండుటకు సిగ్గుపడరాదు. ఈ చివరి మాట యువకులకు రుచింపదు. మేమొకమాఱు ఒక వాగు గట్టున ఉదయము పదిగంటలనుండి సాయంకాలము నాలుగు గంటలవఱకు కూర్చుండి, ఒకరి ముఖ మొకరు చూచుకొని, మొక్కజొన్నకంకులు కాల్చుకొని తింటిమి. నాలుగింటికి నీరు తగ్గినది, దాటితిమి.

ఈ విద్య మాకు పుస్తకములవలన రాలేదు. జైనూరు, ఉట్నూరు అంగళ్లకు మనుషులను, మూటలను, కోళ్లను, మేకలను మోసికొనివచ్చు జీపులవారు నేర్పిరి. ఆ జీపులలో పెక్కింటికి వెనుక చక్రములకు మాత్రమే బలము కలదు. టైర్లు నున్నబడియుండును. లోపల నెందఱు, పైన నెందఱు, వెనుక వ్రేలాడువారెందఱు అని లెక్కించుట మోటారు చట్టము తెలిసినవారికి మనశ్శాంతి కాదు. అయినను ఆ చోదకుడు మన యువకుల క్రొత్తబండి చిక్కిన చోటనే మెల్లగ, రాయి చూచి రాయిమీద చక్రము పెట్టుచు, నవ్వుచు దాటిపోవును. బాటను దినదినము చూచువాని కది యొక పాత స్నేహితునివంటిది. ఏ మలుపులో ఏ రాయి నిన్నటికి కదలెనో ఎఱుగును. ఎఱుగనివాడు ఆ లోటును ఇంజను బలముతో తీర్చుకొన జూచును. బాట చెడునది అక్కడనే.

చెడుట యెట్లో చెప్పవలెను. ఒక గూడెమునకు పోవు బాట కలదు. దాని పేరు చెప్పము; చెప్పినచో వచ్చు ఆదివారమునకు పది బండ్లు అచ్చట నుండును. ప్రధాన రోడ్డునుండి గూడెము 6 కిలోమీటర్లు. నడుమ రెండు ఒర్రెలు, ఒక వాగు, ఒక యేటవాలు. ఆ యేటవాలున గూడెమువారు ఏటేట వానలకు ముందు ఇంటికొక మనిషి చొప్పున వచ్చి, పలుగులతో రాళ్లు తీసి, మొరము పోసి, నీరు ప్రక్కకు పోవుటకు చిన్న కాల్వలు తీయుదురు. ఎవరును కూలి యిచ్చువారు లేరు. ఎడ్లబండి పోవుటకు, సంతకు ప్రత్తి చేర్చుటకు, కంట్రోలు బియ్యము తెచ్చుకొనుటకు, అన్నిటికిని మించి రోగి వచ్చినపుడు మంచము మోయువారి కాళ్లు జాఱకుండుటకు ఆ పని చేసికొందురు.

ఒక శ్రావణమాసమున మేము మందులతో ఆ బాటన పోవుచుండగా, ఆ వారమే అచ్చటికి విహారమునకు వచ్చిపోయిన బండ్ల జాడలు కనబడెను. వానలో, తడినేలమీద, ఎక్కలేక ఎక్కలేక పలుమాఱులు చక్రములు త్రిప్పుటచే ఏటవాలంతయు రెండు కాల్వలుగ చీలిపోయెను. మొరము కొట్టుకొనిపోయెను. నీరు ప్రక్కకాల్వను విడిచి చక్రపు జాడలోనే పరుగెత్తుచుండెను. మోకాలిలోతు గుంటలు. పైనుండి ఎనమండుగురు మనుషులు ఒక మంచమును మార్చి మార్చి మోసికొనుచు దిగుచుండిరి. మంచముమీద నెలలు నిండిన స్త్రీ. నొప్పులు తెల్లవాఱుజామున మొదలైనవి. 108 బండి ప్రధాన రోడ్డున వచ్చి నిలిచియున్నది. అంతకుమించి లోపలికి రాలేదు, రాజాలదు. 2005 ఆగస్టు 15న ఆ బండ్లు మొదలైనప్పటినుండి లక్షలమంది ప్రాణములు నిలిపినవి. కాని రోడ్డున్నంతవఱకే వాని సేవ.

మా జీపును మళ్లించి ఆమెను ఎక్కించుకొంటిమి. క్రొత్తగ పడిన ఆ గుంటలలో రెండుమాఱులు చిక్కితిమి. మంచము మోసినవారే రాళ్లు తెచ్చి చక్రముల క్రింద పేర్చిరి. అంతకు ముందటి నెలలో అరగంటలో దాటిన బాట ఆనాడు గంటన్నర పట్టెను. ఆ గంటన్నర మా కెట్లు గడచినదో చెప్పనక్కఱలేదు. ఆ స్త్రీ యొక్కమాటు కూడ అఱవలేదు. ఆసుపత్రిలో ప్రసవము సుఖముగ జరిగెను, తల్లీబిడ్డలు క్షేమము.

మఱునాడు గూడెపు పెద్ద మాతో నిట్లనెను: "వకీల్ సాబ్, మీ పట్నపోల్ల బండ్లు మంచిగనే ఉంటయి. అవి వస్తయి, పోతయి. గీ గుంతలు మాతాననే ఉంటయి. మా ఎడ్లకు కాళ్లిరుగుతయి." "పటేలా, ఎవరు వచ్చిరో చెప్పుడు, అడిగెదము" అంటిమి. "పోరగాండ్లు. మా పిల్లలకు బిస్కట్లిచ్చిండ్రు. తిట్టకుండ్రి" అనెను. ఆ యౌదార్యమునకు మేము మాఱు చెప్పలేకపోతిమి.

అట్లయిన గూడెములకు మంచి రోడ్లు వేయించుడు, చిక్కు తీరును గదా యని మీలో కొందఱనవచ్చును. మేమును అదియే కోరుచున్నాము. కాని అదే పెద్దమనిషిని రోడ్డు కావలెనా యని యడిగినపుడు వెంటనే ఔననలేదు. కొంతసేపు ఊరకుండి, "దవాఖానకు గావాలె. కని రోడ్డుమీద అందరు వస్తరు" అనెను. ఈ సందేహము అజ్ఞానము కాదు, అనుభవము.

కాజీపేటనుండి బల్హార్షాకు రైలుమార్గము 1929లో పూర్తియయ్యెను. మన రామగుండము, పెద్దపల్లులును, గోదావరి కావల మంచిర్యాలయు, ఆసిఫాబాదు రోడ్డు స్టేషనును దానిమీదనే యున్నవి. మద్రాసును ఢిల్లీని కలిపిన ఆ మార్గము మనకు మహోపకారమని చదువుకొన్నాము. రైలు, రోడ్లు వచ్చినకొలది మైదానపు రైతులు, వ్యాపారులు, వడ్డీవారు ఆ యడవులకు చేరిరనియు, పట్టాలెఱుగని గోండుల పొలములు వారి చేతులు దాటెననియు ఆ ప్రాంతమున నివసించి గోండులను గూర్చి గ్రంథములు వ్రాసిన హైమెండార్ఫ్ పండితుడు తెలిపియున్నాడు. ఒక ప్రక్క ఇట్లుండగా, మఱియొక ప్రక్క ప్రభుత్వము అడవిని రిజర్వు చేసి గీతలు గీచి గూడెములను వెడలగొట్టెను. ఈ రెంటి నడుమ నలిగిన జనముయొక్క పోరాటమే కొమురం భీముది. 1940లో జోడేఘాటు గుట్టలలో నిజాము పోలీసుల తుపాకులకు ఆయన బలియయ్యెను. ఆ పిమ్మటనే నిజాము ప్రభుత్వము హైమెండార్ఫును పిలిపించి గోండుల స్థితి విచారింపజేసినది. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణశాల ఏర్పడినది. నేడు జోడేఘాటునకు రోడ్డు పడినది, స్మారకము, మ్యూజియము వెలసినవి, 2016 అక్టోబరు 11న ఏర్పడిన జిల్లా ఆయన పేరు దాల్చినది. మన విహారయువకులు ఆ విగ్రహము ముందు బండ్లు నిలిపి చిత్రములు తీయించుకొనుచున్నారు. సంతోషమే. ఆ విగ్రహమునకు దండ వేసి, ఆయన జాతివారి బాటను చీల్చి వచ్చుట ఎట్టి భక్తియో వారే ఆలోచింపవలెను.

భూమి కొఱకు చట్టములు లేకపోలేదు. 1959 నాటి ఒకటవ రెగ్యులేషను 1963లో తెలంగాణకు వ్యాపించెను. 1970 సవరణతో షెడ్యూలు ప్రాంతమున గిరిజనేతరునికి భూమి బదలాయింపు పూర్తిగ నిషిద్ధమైనది. కాగితముమీద నింతకంటె గట్టి చట్టము కోరనక్కఱలేదు. అయినను 1981 ఏప్రిలు 20న ఇంద్రవెల్లిలో భూమికై సభ జరుపుకొనవచ్చిన గోండులమీద తుపాకులు పేలినవి. ప్రభుత్వపు లెక్కకే 13 మంది మరణించిరి. రోడ్డు వచ్చుచున్నదన్నచో గూడెపు పెద్ద ఏల ఊరకుండెనో ఇప్పుడు తెలియును.

కాబట్టి రోడ్డు రావలెను. వచ్చు విధము గూడెమువారి చేతిలో నుండవలెను. ఇందులకు చట్టమున దారి యున్నది. చాలమంది ఎఱుగరు గనుక కొంచెము విస్తరించెదము. 2006 అటవీహక్కుల చట్టము మూడవ సెక్షను రెండవ ఉపసెక్షను చదువుడు. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, త్రాగునీరు మొదలుగ 13 సౌకర్యములకు అటవీభూమిని మళ్లింపవచ్చునని అందున్నది. వానిలో రోడ్డొకటి. ఒక్కొక్క పనికి భూమి 1 హెక్టారునకు లోబడియుండవలెను. హెక్టారునకు 75 చెట్లకు మించి కొట్టరాదు. అన్నిటికంటె ముఖ్యముగ గ్రామసభ సిఫారసు చేయవలెను. మూడు మీటర్ల వెడల్పు బాటకు హెక్టారు భూమి 3 కిలోమీటర్లకు పైగ వచ్చును. మేము చెప్పిన గూడెమునకు పోవు 6 కిలోమీటర్లలో అడవి తగులునది సుమారు సగమే. తక్కినది పొలముల నడుమ. అనగా 1980 అటవీ సంరక్షణ చట్టమున ఢిల్లీవఱకు పోవు ఫైలు అక్కఱలేకయే జిల్లాలో తెగవలసిన పని. అనుమతి నిచ్చునది జిల్లా అటవీ అధికారి. ఆయన ఒప్పుకొననిచో కలెక్టరు అధ్యక్షత వహించు జిల్లాస్థాయి కమిటీకి పోవును. అయితే ఈ మినహాయింపు అటవీ సంరక్షణ చట్టమునకే గాని వన్యప్రాణి చట్టమునకు కాదు. 2012లో పులుల అభయారణ్యముగ ప్రకటింపబడిన కవ్వాల్ లోపలి భాగము, సుమారు 893 చదరపు కిలోమీటర్లు, వేఱు లెక్క. అచ్చటి గూడెములకు ఈ ఒక్క సెక్షను చాలదు. అచ్చట విహారబండ్లకును అనుమతి లేక ప్రవేశము లేదు.

డబ్బునకు కూడ దారి కలదు. 2000 డిసెంబరు 25న మొదలైన గ్రామ సడక్ యోజనలో మైదానపు ఊళ్లకు 500 జనాభా నియమము కాగా, ఐదవ షెడ్యూలు ప్రాంతములకు 250 గ పెట్టిరి. వినుట కుదారముగ నుండును. కాని గుట్టలమీది గూడెము లనేకము ఆ 250 ని కూడ అందుకొనవు. ముఖ్యముగ కోలాములవి చిన్న చిన్న పల్లెలు. కావుననే ఇరువదియేండ్లు పథకము నడచినను వారి గడప త్రొక్కలేదు. 2023 నవంబరులో మొదలైన జన్‌మన్ పథకములో, మిక్కిలి వెనుకబడిన గిరిజన తెగల పల్లెలకు 100 జనాభా యున్నను రోడ్డు వేయవచ్చునని సడలించిరి. తెలంగాణలో కోలాము లా జాబితాలో నున్నారు, గోండులు లేరు. ఒకే గుట్టమీద కోలాము పల్లెకు రోడ్డు మంజూరై, అర కిలోమీటరు దూరమునగల గోండు గూడెమునకు కాకపోవచ్చును. ఇట్టి చోట రెండు గ్రామసభలును కలిసి తీర్మానించి, రోడ్డు జాడను రెంటికి చాలునట్లు ముందుగనే కోరుకొనవలెను. జాడ ఒకమాఱు కాగితముమీద పడిన పిదప మార్పించుట మా వృత్తిలోనివారికి కూడ దుర్ఘటము.

ఇందులో యువకుల పనియేమి? చాల కలదు. వానకాలములో, తడినేలలో, విహారమునకై ఆ బాటలు త్రొక్కకుందురుగాక. సంక్రాంతి దాటిన పిదప నేల గట్టిపడియుండును, అప్పుడు పొండు. పోవునపుడు ఖాళీ బండితో పోకుడు. గూడెమునకేది కావలెనో ముందడిగి మోసికొనిపొండు. త్రోవ చూపుటకు అచ్చటి మనిషిని వెంట తీసికొని, కూలి యిండు. బిస్కట్లు కూలి కావు. మీ చక్రము తీసిన గుంటను మీ పారతోనే పూడ్చి రండు. మీ చేతిలోని సెల్‌ఫోను దూరమును, ఎత్తును, వాగులున్న చోట్లను గుఱుతించగలదు. చిత్రములు తీయు చేతితోనే ఆ గుఱుతులను వ్రాసి తెండు. గ్రామసభ తీర్మానమునకు జతపఱచవలసిన బాట పటము, కొలతలు తయారుచేయించుటకు గూడెమువారు నెలలతరబడి కచేరీల చుట్టు తిరుగుచున్నారు. ఒక్క ఆదివారమున మీ రది చేయగలరు. ఇంతకంటె కఠినమైన బాట నడుపవలెనన్న కోరిక గలవారికి మఱియొక పని కలదు: వానకాలపు మూడునెలలు సేవాదళమువారి జీపునకు చోదకులు చాలరు. వేగమున్నవారు వద్దు, వాగుగట్టున ఆఱుగంటలు కూర్చుండగలవారు కావలెను.

గ్రామసభ తీర్మానపు నమూనాయు, మూడవ సెక్షను తెలుగు అనువాదమును పఠనాలయపు బల్లమీద నుంచితిమి. చోదకులుగ రాదలచినవారు అచ్చటి పుస్తకమున పేరు, చిరునామా వ్రాయుడు. వచ్చు అమావాస్య దాటిన ఆదివారము ఉదయము ఆఱుగంటలకు ఆసిఫాబాదు బయలుదేరుచున్నాము. రెండు పారలు, ఒక పలుగు, మోకు గల బండి యొకటి ఇంకను కావలసియున్నది.